తీగ తెగితే మోటారు ఆగాలా, నడవాలా? సిస్టమ్స్ ఇంజనీరింగ్ పీజీ తొలి ఏడాదిలో ఏం నేర్పుతారు

హైదరాబాద్‌లో ఎక్కడైనా కనిపించే నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటును తీసుకుందాం. కింద సంపు, ఐదో అంతస్తు డాబా మీద పైట్యాంకు, మధ్యలో 3 హెచ్‌పీ మోటారు. ట్యాంకు నిండితే మోటారు దానంతటదే ఆగేలా ఫ్లోట్ స్విచ్ పెట్టించారు. స్విచ్ మంచి కంపెనీదే. ఎలక్ట్రీషియన్ తీగ సరిగ్గానే లాగాడు, ప్లంబరు పైపులు సరిగ్గానే బిగించాడు. "ఆటోమేటిక్ పెట్టించాం, ఇక ట్యాంకు చూడక్కర్లేదు" అని అసోసియేషన్ వాళ్లు వాచ్‌మన్‌కు చెప్పారు. ఏడాది పాటు డాబా మీద ఎండకు ఎండి వానకు తడిసిన తీగ ఒకరోజు తెగింది. మోటారు మాత్రం ఆగలేదు. గంటకు 12,000 లీటర్లు తోడే మోటారు అరగంట పొర్లిస్తే 6,000 లీటర్లు పోతాయి. ఎండాకాలంలో బుక్ చేసి, ఎదురుచూసి తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకరు కంటే అది ఎక్కువ.

బాధ్యులెవరని అడిగితే ఎవరి పని వాళ్లు చేశామనే అంటారు. అందులో అబద్ధం లేదు. ట్యాంకు నిండినప్పుడు సర్క్యూట్ కలిసి, ఆ కబురుతో మోటారు ఆగేలా కనెక్షన్ ఇచ్చారు. తీగ తెగాక ఆ సర్క్యూట్ కలవదు, కబురు కిందికి రాదు. అదే స్విచ్‌ను, నిండనంతసేపూ సర్క్యూట్ కలిసి ఉండి నిండగానే విడిపోయేలా కలిపి ఉంటే, తీగ తెగిన క్షణంలోనే మోటారు ఆగేది. మూడు తీగల ఫ్లోట్ స్విచ్‌లో రెండు రకాల కనెక్షనూ ఇవ్వొచ్చు, ఖర్చు ఒకటే. "తీగ తెగితే మోటారు ఆగాలా, నడవాలా?" అని పని మొదలయ్యేముందు ఒకరు అడిగి ఉండాల్సింది. ఆ ప్రశ్న ఎలక్ట్రీషియన్ వాటాలోకి రాదు, ప్లంబరు వాటాలోకీ రాదు, వాచ్‌మన్‌కైతే అసలు తట్టే అవకాశమే లేదు.

ఇలా ఎవరి వాటాలోకీ రాని ప్రశ్నలను వెతికి పట్టుకుని, కాగితం మీద పెట్టి, జవాబు తేల్చి, ఆ జవాబు కట్టినదాంట్లో నిజంగా ఉందో లేదో పరీక్షించడమే సిస్టమ్స్ ఇంజనీరింగ్ పని. బీటెక్ నాలుగేళ్లూ ఒక భాగాన్ని బాగా చేయడం నేర్పుతారు: మోటారు, సర్క్యూట్, ప్రోగ్రాము, దూలం. పీజీలో అడుగుపెట్టగానే చూపు భాగాల మీది నుంచి వాటి మధ్య అతుకుల మీదికి మళ్లాలి. తొలి సెమిస్టరులో చాలామంది తికమకపడేది ఇక్కడే. రిక్వైర్‌మెంట్స్ (వ్యవస్థ ఏం చేయాలన్న కోరికలు) ఒక సబ్జెక్టు, రిలయబిలిటీ (విశ్వసనీయత) ఒకటి, ఆప్టిమైజేషన్ ఒకటి, మోడలింగ్ మరొకటి అని విడివిడిగా చదువుతారు. అన్నీ ఒకే అతుకును వేర్వేరు వైపుల నుంచి చూడటమేనని తెలిస్తే చదువు తేలికవుతుంది.

పేరు ఒకటే, చదువులు వేరు

దరఖాస్తు పెట్టేముందు పేరు విషయం తేల్చుకోవాలి. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే ‘సిస్టమ్స్ ఇంజనీర్’ హోదాకూ ఈ చదువుకూ సంబంధం లేదు. ఐఐటీ బాంబేలో ఉన్న ‘సిస్టమ్స్ అండ్ కంట్రోల్’ ప్రధానంగా గణితం: డైనమిక్ వ్యవస్థలు, స్థిరత్వం, ఫీడ్‌బ్యాక్. ఐఐటీ ఖరగ్‌పూర్‌లోని ‘ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్’ విభాగం ఆపరేషన్స్ రీసెర్చ్, ఉత్పత్తి, నాణ్యత, సప్లయ్ చెయిన్ వైపు మొగ్గుతుంది. అమెరికా విశ్వవిద్యాలయాలు ‘సిస్టమ్స్ ఇంజనీరింగ్’ పేరుతో ఇచ్చే ఎమ్మెస్‌లో ఎక్కువ భాగం పెద్ద వ్యవస్థల రూపకల్పన, జీవితచక్రం, నిర్ణయశాస్త్రం. మూడూ మంచి చదువులే, కానీ ఒకటి అనుకుని మరొకదాంట్లో చేరితే రెండేళ్లు ఇబ్బంది పడాలి. బ్రోషరు మాటలు వదిలేసి మొదటి సెమిస్టరు సబ్జెక్టుల పట్టిక చూడండి. అందులో రిక్వైర్‌మెంట్స్, ఆర్కిటెక్చర్, వెరిఫికేషన్ అనే మాటలు ఉంటే ఈ వ్యాసం చెబుతున్న చదువు అదే. గేట్‌లో సిస్టమ్స్ ఇంజనీరింగ్ అనే ప్రత్యేక పేపరు లేదు. మీ బ్రాంచి పేపరే రాయాలి, ఆ స్కోరుతో ఏ విభాగం తీసుకుంటుందో విడిగా చూసుకోవాలి.

మొదటి గీత: హద్దు

మొదటి వారంలో ఇచ్చే పని చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కాగితం మధ్య ఒక పెట్టె గీసి, వ్యవస్థలో ఉన్నవి లోపల, లేనివి బయట రాయమంటారు. మన నీళ్ల వ్యవస్థలో సంపు, మోటారు, స్టార్టరు, ట్యాంకు, ఫ్లోట్ స్విచ్ లోపలివే, అందులో వాదన లేదు. వాచ్‌మన్ లోపలా, బయటా? బోరు, కరెంటు, జనరేటరు, ట్యాంకరు సంగతేమిటి?

గీత ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి అంకెలు మారిపోతాయి. ఫ్లాటుకు నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుందాం. ఇది మన దేశంలో నగర నీటి సరఫరాకు వాడే ప్రమాణం. 40 ఫ్లాట్లకు రోజుకు 21,600 లీటర్లు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే చోట, పైట్యాంకు నిల్వను పక్కన పెడితే, సంపు 43,200 లీటర్లు పట్టాలి. బోరునూ ట్యాంకరునూ గీత లోపలికి తెచ్చుకుంటే 30,000 లీటర్ల సంపుతో సరిపెట్టుకోవచ్చు, మిగతా 13,200 అక్కడి నుంచి వస్తాయి. అయితే ట్యాంకరు ఎంతసేపట్లో వస్తుంది, గేటులోంచి పడుతుందా, గొట్టం సంపు మూత దాకా అందుతుందా అన్నవన్నీ ఇప్పుడు మీ లెక్కలోకి వచ్చినట్టే. గీత బయట పెట్టినదాన్ని మీరు మార్చలేరు, కానీ అది ఇలా ఉంటుందని ఒక అంచనా రాసుకుని తీరాలి. ‘కరెంటు వరసగా 4 గంటలకు మించి పోదు’ అన్నది అంచనా. అది రాయకుండా డిజైన్ మొదలుపెడితే, ఆరు గంటలు పోయిన రోజున తప్పు ఎక్కడుందో వెతుక్కోవడానికి ఆధారమే మిగలదు.

మనుషులను గీత బయట పెట్టడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. మామూలు స్టార్టరులో కరెంటు పోగానే నో-వోల్ట్ కాయిల్ వదిలేస్తుంది. కరెంటు తిరిగి వచ్చినా ఎవరో వచ్చి పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు తిరగదు. ఇది భద్రత కోసం పెట్టిన మంచి ఏర్పాటు. వాచ్‌మన్ పొద్దున్నే బటన్ నొక్కి వెళ్లాడు, మధ్యలో పది నిమిషాలు కరెంటు పోయి వచ్చింది. తొమ్మిదింటికి కుళాయిల్లో నీళ్లు లేవు, కానీ చెడిపోయిన వస్తువు ఒక్కటీ లేదు. వాచ్‌మన్‌ను బొమ్మలో గీసి ఉంటే, ‘కరెంటు తిరిగి వచ్చిందని ఆయనకు ఎలా తెలుస్తుంది?’ అన్న బాణం గుర్తు దగ్గర మీరు తప్పక ఆగేవాళ్లు.

ఒక రిక్వైర్‌మెంటును దగ్గరగా చూస్తే

తొలి ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ చెమట పట్టించేది రిక్వైర్‌మెంట్లు రాయడం. వాక్యాలు రాయడమేగా అనిపిస్తుంది. ఈ వాక్యం చూడండి:

‘ట్యాంకు నిండగానే మోటారు త్వరగా ఆగాలి.’

‘నిండగానే’ అంటే ఏ మట్టం? ‘త్వరగా’ అంటే ఎన్ని సెకన్లు? ఇద్దరు ఇంజనీర్లు చదివితే రెండు అర్థాలు వస్తాయి. తిరగరాద్దాం: ‘పైట్యాంకులో నీటిమట్టం పై అంచుకు 15 సెంటీమీటర్ల కిందికి చేరిన 10 సెకన్లలోపు మోటారు ఆగాలి.’ ఇప్పుడు కొలవొచ్చు. మరి ఈ 10 సెకన్లు ఎక్కడి నుంచి వచ్చాయి? గంటకు 12,000 లీటర్లంటే సెకనుకు 3.33 లీటర్లు, 10 సెకన్లకు 33 లీటర్లు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న ట్యాంకులో 33 లీటర్లకు మట్టం 3 మిల్లీమీటర్లు కూడా పెరగదు. కాబట్టి 10 సెకన్లు చాలు. ‘1 సెకను’ అని రాసేవాళ్లు ఉంటారు, బిగువుగా ఉంటే మంచిదని. అక్కర్లేని బిగువు ప్రతిదానికీ ఖరీదైన సెన్సారు, కష్టమైన పరీక్ష వచ్చిపడతాయి. రిక్వైర్‌మెంటులోని ప్రతి అంకె పక్కనా అది ఎందుకంత అన్న లెక్క ఒక వరుసలో రాసి ఉండాలి. అది లేకపోతే ఏడాది తర్వాత ఆ అంకెను మార్చడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

రెండో వాక్యం: ‘సెన్సారు తీగ తెగితే మోటారు 1 నిమిషంలోపు ఆగి, వాచ్‌మన్ గదిలో అలారం మోగాలి.’ మన మొదటి ప్రశ్నకు జవాబు ఇందులో దొరికింది, కానీ వాక్యం తప్పు. ఇందులో రెండు కోరికలున్నాయి. మోటారు ఆగి అలారం మోగకపోతే పరీక్ష పాసైనట్టా, ఫెయిలైనట్టా? రెండుగా విడగొట్టి, రెంటికీ వేర్వేరు నంబర్లు ఇవ్వాలి. మూడోది: ‘ఫ్లోట్ స్విచ్ అమర్చాలి.’ ఇది రిక్వైర్‌మెంటే కాదు, పరిష్కారం. అల్ట్రాసోనిక్ సెన్సారుతోనో ప్రెషర్ సెన్సారుతోనో అదే పని జరగొచ్చు. ఏం కావాలో చెప్పాల్సిన చోట ఎలా చేయాలో చెప్పేస్తే మిగతా దారులన్నీ ముందే మూసుకుపోతాయి.

తీగ తెగితే మోటారు ఆగడమే అన్నిచోట్లా సరైన జవాబని కూడా అనుకోకండి. మోటారు ఆగితే కొన్ని గంటల్లో ట్యాంకు ఖాళీ అవుతుంది. అపార్ట్‌మెంటుకు అది చిరాకు. డయాలిసిస్ యూనిట్ నడిచే ఆసుపత్రికి అది ప్రాణాపాయం, అక్కడ నీళ్లు పొర్లిపోయినా ఫర్వాలేదు. పరికరం అదే, తీగ అదే, జవాబు తలకిందులు. అందుకే రిక్వైర్‌మెంట్లు ఒక ప్రాజెక్టు నుంచి ఇంకోదానికి దించుకునేవి కావు.

ఒకే వ్యవస్థను రెండు పనులకు వాడాలనుకున్నప్పుడు కోరికలు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. దీనికి మన ఊళ్లోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇటు వరదను ఆపాలి, అటు నగరానికి తాగునీరు ఇవ్వాలి. వరదను ఆపాలంటే చెరువు ఖాళీగా ఉండాలి, తాగునీటికైతే నిండుగా ఉండాలి. రెండూ న్యాయమైన కోరికలే. ఏ నెలలో ఏ మట్టం ఉంచాలి, గేట్లు ఎప్పుడు ఎత్తాలి అన్న నిర్వహణ నియమాలు ఈ పోటీని తీర్చే మార్గం. సిమెంటు, రాయి ఎంత ముఖ్యమో ఆ నియమాల కాగితమూ ఆ వ్యవస్థలో అంతే ముఖ్యమైన భాగం. విద్యార్థులు డిజైన్ అనగానే వస్తువులే గీస్తారు, నడిపే పద్ధతిని గీయరు.

రాసిన ప్రతి వాక్యాన్నీ ఎలా రుజువు చేస్తారో అప్పుడే నిర్ణయించాలి. దారులు నాలుగు: కంటితో చూసి తేల్చడం, లెక్కగట్టి తేల్చడం, నడిపి చూపించడం, పరికరంతో కొలిచి పరీక్షించడం. ఏ దారీ కుదరకపోతే వాక్యంలోనే లోపం ఉందని అర్థం. ఇక వెరిఫికేషన్, వాలిడేషన్ అనే జంట పరీక్షల్లో తప్పకుండా వస్తుంది. రాసుకున్నట్టు కట్టామా అన్నది మొదటిది, మనుషులకు కావలసిందే కట్టామా అన్నది రెండోది. మోటారు 8 సెకన్లలో ఆగింది, వెరిఫికేషన్ పాస్. కానీ ఐదో అంతస్తు వాళ్ల షవరులో నీళ్లు సన్నగా కారుతున్నాయి. ట్యాంకు అడుగు ఆ షవరుకు 3 మీటర్ల ఎత్తులోనే ఉంది, వచ్చే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే. పై అంతస్తు ఒత్తిడి గురించి రిక్వైర్‌మెంటే లేదు కాబట్టి కాగితం మీద అన్నీ పాసే. వాలిడేషన్ ఫెయిల్.

అతుకుల పట్టిక

భాగాలు పదైతే వాటి మధ్య జంటలు 45, ఇరవైతే 190. లెక్క సులువు: n(n-1)/2. ఎన్-స్క్వేర్డ్ చార్టు అనే పట్టికలో భాగాలను ఐమూలగా రాసి, ఏ భాగం నుంచి ఏ భాగానికి ఏం వెళుతుందో గడుల్లో నింపుతారు: నీళ్లు, కరెంటు, కబురు, బరువు, వేడి. చాలా గడులు ఖాళీగానే మిగులుతాయి. అయినా ప్రతి గడి దగ్గరా ఆగి ‘ఇక్కడ ఏమీ లేదు, అవునా?’ అని అడగాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని మించిన పనిముట్టు తొలి ఏడాదిలో మరొకటి లేదు. బోరు, నల్లా లైను మధ్య గడి చూడండి. రెండూ వాల్వులతో ఒకే పైపులో కలిసి, నాన్-రిటర్న్ వాల్వు లేకపోతే బోరు నీళ్లు నల్లా లైనులోకి ఎదురెక్కవచ్చు. ప్లంబింగ్ డ్రాయింగులో అది ఒక టీ జాయింటుగా మాత్రమే కనిపిస్తుంది.

నిండిన ప్రతి గడికీ ఒక ఇంటర్‌ఫేస్ పత్రం కావాలి. ఏం వెళుతుంది, ఎంత, ఏ యూనిట్లలో, ఎంత తరచుగా, రాకపోతే అవతలివైపు ఏం చేయాలి అన్నవి అందులో ఉండాలి. చివరి అంశాన్నే అందరూ మరిచిపోతారు, మన తెగిన తీగ సరిగ్గా అక్కడిదే. యూనిట్ల సంగతికి నాసా అంతరిక్షనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ ప్రపంచానికి తెలిసిన పాఠం. భూమ్మీది ఒక సాఫ్ట్‌వేరు నౌకను నెట్టే చిన్న థ్రస్టర్ల ప్రచోదనాన్ని (ఇంపల్స్) పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది. మార్గాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేరు దాన్ని న్యూటన్ సెకన్లనుకుంది. రెండింటికీ తేడా 4.45 రెట్లు. 1999 సెప్టెంబరు 23న నౌక అంగారకుడి వాతావరణంలోకి మరీ కిందికి దిగి, దక్కకుండా పోయింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మెట్రిక్ యూనిట్లే వాడాలని ఇంటర్‌ఫేస్ పత్రంలో రాసే ఉంది. వచ్చిన ఫైలును ఆ పత్రంతో పోల్చి చూసే పరీక్ష జరగలేదు.

హైదరాబాద్ మెట్రోలో ఎక్కినప్పుడు ఈ చూపుతో గమనించండి. రైళ్లు హ్యుందాయ్ రోటెమ్‌వి, రైలూ కంట్రోలు కేంద్రమూ రేడియోతో మాట్లాడుకునే సీబీటీసీ సిగ్నలింగ్ థేల్స్ సమకూర్చింది, పైన 25 వేల వోల్టుల ఏసీ తీగ. రైలు ప్లాట్‌ఫామ్ మీద సరైన చోట ఆగిందని సిగ్నలింగ్ నిర్ధారించాలి, అప్పుడే తలుపులు తెరవాలి, అదీ ప్లాట్‌ఫామ్ వైపు మాత్రమే. తలుపులన్నీ మూసుకున్నాయని రైలు చెప్పాలి, అప్పుడే కదలాలి. కొన్ని సెకన్ల ఈ తతంగంలో వేర్వేరు తయారీదారుల పరికరాలు ఒకదాని మాట ఒకటి నమ్మాలి. ఎంతసేపు ఆగుతుందన్నది అమీర్‌పేటలాంటి కూడలి స్టేషన్‌లో జనం ఎక్కిదిగే వేగాన్ని బట్టి కూడా ఉంటుంది. రెండు రైళ్ల మధ్య ఎడం ఎంత తగ్గించవచ్చన్నది అందుకే సిగ్నలింగ్ ఇంజనీరు ఒక్కరి చేతిలో లేదు. మెట్లు, ఎస్కలేటర్లు గీసిన ఆర్కిటెక్టుకూ అందులో భాగముంది.

ఈ బొమ్మలన్నీ గీయడానికి సిస్‌ఎంఎల్ అనే భాష నేర్పుతారు. 2007లో వచ్చిన మొదటి వెర్షన్‌లో తొమ్మిది రకాల బొమ్మలున్నాయి. తొమ్మిదీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. బ్లాక్ డెఫినిషన్, ఇంటర్నల్ బ్లాక్, స్టేట్ మెషిన్, ఈ మూడూ బాగా వస్తే మొదటి సెమిస్టరు ప్రాజెక్టు గట్టెక్కుతుంది. థేల్స్ తయారుచేసి ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన కాపెల్లా అనే సాఫ్ట్‌వేరు ఉచితం. అయితే దాని పద్ధతి సిస్‌ఎంఎల్ కంటే కొంచెం వేరు, మీ ప్రొఫెసరు ఏది అడుగుతున్నారో ముందే కనుక్కోండి.

ప్రాజెక్టు దశలను ఇంగ్లిష్ V ఆకారంలో చూపే వీ-మోడల్ గురించి రెండు మాటలు చాలు. ఎడమ గీత కోరికల నుంచి భాగాల దాకా దిగుతుంది, కుడి గీత భాగాల పరీక్ష నుంచి మొత్తం వ్యవస్థ అంగీకారం దాకా ఎక్కుతుంది. ఎడమవైపు ప్రతి మెట్టుకూ కుడివైపు అదే ఎత్తులో దాని పరీక్ష ఉంటుంది. దీన్ని కాలక్రమంగా చదివితే తప్పు, ఎడమవైపు మెట్టు రాసేటప్పుడే కుడివైపు పరీక్ష కూడా రాయాలి.

లెక్కలు ఎక్కడ మోసం చేస్తాయి

రిలయబిలిటీలో సూత్రాలు తక్కువ, పొరపాట్లు ఎక్కువ. వరసగా కలిపిన భాగాల విశ్వసనీయతలను గుణించాలి. ఒక్కొక్కటి 0.99 అయితే పది భాగాలకు 0.904, వంద భాగాలకు 0.366. విడివిడిగా అన్నీ మంచివే, కలిస్తే దాదాపు మూడింట రెండుసార్లు విఫలం.

సరే, ఒక మోటారు పోతే ఇంకోటి ఉండాలని రెండు పెట్టాం. ఒక్కోదాని విశ్వసనీయత 0.95 అనుకుంటే రెండూ ఒకేసారి పోయే అవకాశం 0.0025, కాబట్టి జంటది 0.9975. కానీ రెంటికీ కరెంటు ఒకే ప్యానెల్ నుంచి వస్తోంది, దాని విశ్వసనీయత 0.98. మొత్తం 0.978. మూడో మోటారు కొంటే 0.980 దగ్గర ఆగుతుంది. డబ్బంతా మోటార్ల మీద పెట్టాం, లోపం ప్యానెల్‌లో ఉంది. జంటగా ఉన్నవాటికి ఉమ్మడి కారణం ఉంటే జంట పనికిరాదని 1996 జూన్ 4న యూరప్ రాకెట్ ఏరియన్-5 తొలి ప్రయోగం చూపించింది. దిశను కొలిచే పరికరాలు రెండున్నా, రెండింట్లోనూ ఏరియన్-4 నుంచి తెచ్చిన అదే సాఫ్ట్‌వేరు. 64 బిట్ల అంకె ఒకటి 16 బిట్లలో పట్టక రెండూ ఒకే కారణంతో క్షణం తేడాలో ఆగిపోయాయి. ఆ లెక్క చేస్తున్న భాగం ఏరియన్-5కు గాల్లోకి లేచాక అవసరమే లేదు.

అవైలబిలిటీ, అంటే మొత్తం సమయంలో ఎంత శాతం పనిచేసే స్థితిలో ఉంటుందన్న లెక్క దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. సూత్రం చిన్నదే: రెండు మరమ్మతుల మధ్య సగటు కాలాన్ని, ఆ కాలమూ మరమ్మతు కాలమూ కలిపిన మొత్తంతో భాగించాలి. మోటారు సగటున 2,000 గంటలకోసారి పాడవుతుంది, బాగుచేయించడానికి 48 గంటలు. 2,000 బై 2,048, అంటే 97.7 శాతం. సంవత్సరానికి ఎనిమిదిన్నర రోజులు నీళ్లుండవని రాసేస్తారు. తప్పు. 2,000 గంటలు మోటారు తిరిగిన గంటలు, 48 గంటలు గోడ గడియారం గంటలు. మోటారు రోజుకు 2 గంటలే తిరిగితే 2,000 గంటలంటే 1,000 రోజులు, అంటే 24,000 గడియారపు గంటలు. 24,000 బై 24,048 అయితే 99.8 శాతం, ఏడాదికి పద్దెనిమిది గంటలలోపే. రెండు అంకెలనూ ఒకే గడియారంలోకి తెచ్చాకే సూత్రం వాడాలి. జవాబు నమ్మదగ్గట్టే కనిపిస్తుంది కాబట్టి ఈ పొరపాటు పట్టుబడదు.

ఏ భాగం ఎలా చెడుతుందో, చెడితే ఏమవుతుందో పట్టికగా రాసే ఎఫ్ఎంఈఏలో తీవ్రత, తరచుదనం, పట్టుబడని గుణం మూడింటికీ పదికిన్ని మార్కులు వేసి గుణించే పాత పద్ధతి ఇంకా చాలాచోట్ల నేర్పుతున్నారు. 10×2×2 కూడా 40, 2×5×4 కూడా 40. మొదటిది ప్రాణం తీసేది, రెండోది చిన్న చిరాకు. ఈ కారణంతోనే ఆటోమొబైల్ రంగం 2019 హ్యాండ్‌బుక్‌లో ఈ గుణకారాన్ని వదిలి, తీవ్రతకు పెద్దపీట వేసే ప్రాధాన్య పట్టికకు మారింది.

నిర్ణయశాస్త్రంలో బరువులు వేసి మార్కులు కలిపే పట్టిక అందరికీ వస్తుంది. దాన్ని నమ్మవచ్చో లేదో చూడటమే అసలు పాఠం. ఖర్చులో ఫ్లోట్ స్విచ్‌కు 9, నమ్మకంలో 5. అల్ట్రాసోనిక్‌కు 5, 8. ఖర్చుకు 40 శాతం బరువిస్తే అల్ట్రాసోనిక్‌కు 6.8, ఫ్లోట్‌కు 6.6, అల్ట్రాసోనిక్ గెలుస్తుంది. 45 శాతం ఇస్తే ఫ్లోట్ 6.8, అల్ట్రాసోనిక్ 6.65. బరువు 43 శాతం దగ్గర ఫలితం తిరగబడుతోందంటే ఆ పట్టిక నిర్ణయం చెప్పలేదు, ఇంకా సమాచారం తెమ్మంటోంది. బరువులు మార్కులకంటే ముందే, అందరూ కూర్చుని ఖాయం చేయాలి. మార్కులు చూశాక బరువులు సర్దడం మొదలైతే పట్టిక ఎందుకూ కొరగాదు.

చేరేముందు, చేరాక

అన్నిటికంటే ముందు ప్రాబబిలిటీ గట్టిగా రావాలి. తర్వాత లీనియర్ ఆల్జీబ్రా, లీనియర్ ప్రోగ్రామింగ్, కొంచెం పైథాన్. క్యూల సిద్ధాంతంలో ఒక్క ఫలితం ఇప్పుడే చూసుకోండి. ఒకే కౌంటరున్న మామూలు క్యూ మోడల్‌లో కౌంటరు 80 శాతం సమయం పనిలో ఉంటే సగటున 4 మంది ఉంటారు, 90 శాతమైతే 9 మంది, 95 శాతమైతే 19 మంది. దేన్నైనా నూటికి నూరుపాళ్లూ వాడేయాలన్న ఆలోచన ఎందుకు ప్రమాదమో ఈ మూడు అంకెల్లో ఉంది.

చదవడానికి డబ్బు ఖర్చుపెట్టక్కర్లేదు. నాసా తన సిస్టమ్స్ ఇంజనీరింగ్ హ్యాండ్‌బుక్‌ను ఉచితంగానే ఇస్తుంది. ఈ రంగపు వృత్తిసంఘం ఇన్‌కోసీ ఇచ్చే మొదటి మెట్టు ధ్రువపత్రం ఏఎస్‌ఈపీకి అనుభవం అవసరం లేదు, పై మెట్టు సీఎస్‌ఈపీకి కనీసం ఐదేళ్లు కావాలి. ధ్రువపత్రం కంటే ముందు ఒక చిన్న వ్యవస్థను మొదటి నుంచి చివరిదాకా రాసి పరీక్షించి ఉండటం ఇంటర్వ్యూలో ఎక్కువ ఉపయోగపడుతుంది. ఈ చూపు అవసరమైన పనికి హైదరాబాద్‌లో కొదవ లేదు. డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, ఏఎస్‌ఎల్ వంటి క్షిపణి ప్రయోగశాలలు ఇక్కడే ఉన్నాయి. 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ రాకెట్‌ను ప్రయోగించిన స్కైరూట్ ఇక్కడిదే. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజిలాజ్‌లు (ప్రధాన చట్రాలు) తయారవుతున్నాయి.

ప్రాజెక్టుకు ‘స్మార్ట్ సిటీ’ లాంటివి ఎంచుకోకండి. హద్దు గీయడంలోనే సెమిస్టరు అయిపోతుంది, ఒక్క అంకెనూ మీరు కొలవలేరు. మీ అపార్ట్‌మెంటు నీళ్లే తీసుకోండి. పది భాగాలు, 45 జంటలు, ఇరవై రిక్వైర్‌మెంట్లు, ప్రతిదానికీ ఒక పరీక్ష. నాలుగు పరీక్షలు మీ చేతులతో చేయండి. మొదటిది డాబా మీద చేయాలి. వాచ్‌మన్‌కు చెప్పి, అసోసియేషన్ అనుమతితో, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పక్కన ఉంచుకుని చేయాలి. ట్యాంకు సగం నిండి మోటారు తిరుగుతుండగా ఆయన ఫ్లోట్ స్విచ్ తీగ కనెక్టరును విడదీస్తాడు, మీరు స్టాప్‌వాచ్ నొక్కుతారు. కింద స్టార్టరు దగ్గర ఇంకొకరు ఫోనులో ఉండి, మోటారు ఆగిందో లేదో, ఆగితే ఎన్ని సెకన్లకు ఆగిందో, గదిలో అలారం మోగిందో లేదో చెబుతారు. రెండు రిక్వైర్‌మెంట్లు, రెండు నంబర్లు, రెండు ఫలితాలు విడివిడిగా రాసుకోండి.